సార్ చీటీ కింద నా చీటీ

నేను చదువుకున్న డిపార్ట్‌మెంట్‌లోనే నాకు ఉద్యోగం వచ్చిందని మా బంధువులకంతా ఒక్క పూటలో తెలిసిపోయింది గానీ, ఆ డిపార్ట్‌మెంట్‌కు మాత్రం ఆ సంగతి చాలాకాలం అందలేదు. చేరాల్సిన రోజు పొద్దున ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని, కొత్త చీర కట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డాను. అటెండరు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం పాపా, టీసీ కోసరం వచ్చినావా? క్లర్కు సారు ఇంకా రాలేదు. ఆడ కూర్చో" అని బెంచీ చూపించాడు. ఎమ్మెస్సీలో హాల్‌టికెట్ కోసం, పీహెచ్‌డీలో సంతకాల కోసం కూర్చున్న బెంచీ అది. పోయి కూర్చున్నాను. కాసేపటికి హెడ్ సార్ వచ్చి, "ఇక్కడెందుకమ్మా కూర్చున్నావు? లోపలికొచ్చి జాయినింగ్ రిపోర్టు ఇయ్యి" అన్నాక గానీ, నేను వచ్చింది ఉద్యోగానికని నాకే గుర్తు రాలేదు.

మాది నగరి. నేతపని ఇల్లు. ముందు భాగంలో మరమగ్గాలు, వెనక భాగంలో మేము. మగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషికి కూడా అరిచి చెప్పాలి కాబట్టి మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. తిరుపతికి వచ్చి ఎమ్మెస్సీ బాటనీలో చేరిన మొదటి వారం, నేను లేచి ఏదో జవాబు చెబితే క్లాసు చెబుతున్న మా సార్ రెండు చెవులూ మూసుకున్నారు. "ఇది నగరి కాదు తల్లీ, ఈడ మగ్గాలు లేవు. మెల్లగా సెప్పినా ఇనపడతాది" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "వెనక బెంచీలో నిద్రపోతా ఉండారు సార్, వాళ్ల కోసరం" అన్నాను. అందరికంటే గట్టిగా సారే నవ్వారు. ఆ నవ్వుకే పడిపోయి, పీహెచ్‌డీ అంటూ చేస్తే ఈయన దగ్గరే చెయ్యాలని ఆ రోజే అనుకున్నాను. అట్లాగే చేశాను కూడా.

సార్‌ది చిత్తూరు పక్కన పల్లె, చెనిక్కాయలు పండించే ఇల్లు. పేరు తెలియని మొక్క కంటబడితే ఆయనకు ఆ పూట ముద్ద దిగదు. మమ్మల్ని కొండకు తీసుకుపోయే రోజు అందరికంటే ముందే అలిపిరిలో ఉండేవారు, చేతిలో సద్ది డబ్బా, మెడలో నల్లదారానికి కట్టిన భూతద్దం. భక్తులు గోవిందా అంటూ మెట్లెక్కుతుంటే ఈయన మెట్ల పక్కన గడ్డిలోకి వంగి గొంతుక్కూర్చునేవారు. పాపం ఏదో పారేసుకున్నాడనుకుని ఎవరో ఒకరు ఆగి తామూ వెతకడం మొదలుపెట్టేవాళ్లు. "ఏం పోయిందప్పా?" అని అడిగితే, "పోలేదప్పా, దొరికింది" అనేవారు సార్. వాళ్లు ఆయన చేతిలోని గడ్డిపోచను చూసి, ఆయన మొహం చూసి, ఇంకో గోవింద కొట్టి పైకి పోయేవాళ్లు.

పీహెచ్‌డీ అయ్యాక శ్రీకాళహస్తిలో ఒక డిగ్రీ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. రోజూ పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. ఆ తరవాతే ఇక్కడ ఉద్యోగం వచ్చింది. నాకు పాఠాలు చెప్పినవాళ్లే నా తోటి ఉద్యోగులు. టీ వస్తే వాళ్లు కూర్చుని తాగేవాళ్లు, నేను కిటికీ దగ్గర నిలబడి తాగేదాన్ని. కూర్చోమంటే "పర్లేదు సార్" అనేదాన్ని. మొదటి స్టాఫ్ మీటింగులో టైంటేబుల్ మీద నా అభిప్రాయం అడిగితే చెయ్యెత్తి, లేచి నిలబడి, చెప్పాల్సింది చెప్పి, ఎవరో ఒకరు కూర్చోమనేదాకా అట్లాగే ఉండిపోయాను. క్యాంటీనాయన చాలా నెలలు నాకు స్టూడెంటు భోజనమే పెట్టాడు. స్టాఫు భోజనంలో ఒక అప్పడం, ఒక వడియాల గిన్నె ఎక్కువ. అడగడానికి నాకు నోరు రాలేదు.

అన్నిటికంటే ఘోరం పరీక్షల రోజుది. ఇన్విజిలేషన్‌కని పోయి, తలుపు దగ్గర చెప్పులు విప్పి, బ్యాగు బయట గోడవార పెట్టి, ఫోను ఆపేసి, పెన్ను ఒక్కటీ చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను. పిల్లలు బిత్తరపోయి చూశారు. మొదటి వరసలో ఒకమ్మాయి, "మేడమ్, మీక్కూడా ఉండాదా పరీక్ష?" అని అడిగింది. ఉండాదో లేదో ఒక్క క్షణం నేనూ ఆలోచించాను.

ఇట్లాంటివి ఒక ఏడాదిలో సర్దుకున్నాయి. కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాను. నా గొంతు క్లాసుకు బాగా పనికొచ్చింది, మైకు పనిచెయ్యకపోయినా నా పాఠం పక్క డిపార్ట్‌మెంట్ దాకా వినిపించేది. హెడ్ సార్‌తో ల్యాబు గంటల కోసం పోట్లాడి గెలిచాను కూడా. కానీ మా సార్ ముందుకు పోతే మాత్రం మళ్లీ ఎమ్మెస్సీ పిల్లనే. ఆయన ఏమన్నా "అవును సార్". ఆయనకు అది నచ్చుతుందో లేదో ఎన్నడూ ఆలోచించలేదు. గైడుతో వేరే మాట కూడా ఉంటుందని మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక గది ఉంది, హెర్బేరియం అంటాం. మొక్కల్ని అదిమి ఎండబెట్టి, అట్టల మీద కుట్టి, ఇనుప బీరువాల్లో పేర్చిపెట్టే గది. లోపలికి పోతే కలరా ఉండల వాసన ముక్కులు అదరగొడుతుంది. ఒక్కో అట్ట మీద ఆ మొక్క ఎక్కడ దొరికింది, ఎప్పుడు కోశారు అని రాసి ఉంటుంది. దాని పక్కన ఒక చిన్న చీటీ. ఆ చీటీ మీద మొక్క పేరు, అది ఫలానా మొక్క అని తేల్చిన మనిషి పేరు, తేదీ. ఈ చీటీలకు ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో ఒకరు రాసిన పేరు తప్పని తరవాత ఇంకొకరికి అనిపిస్తే, పాత చీటీని చించకూడదు, కొట్టెయ్యకూడదు, దాని మీద అంటించకూడదు. దాని కిందే తన చీటీ, తన పేరుతో అంటించాలి. ఎవరేమన్నారో అంతా కనపడుతూ ఉండాలి. ప్రపంచంలో ఏ హెర్బేరియంలోనైనా ఇదే పద్ధతి.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పీహెచ్‌డీ రోజుల్లో చీటీలు రాసే పని సార్ నాకే ఇచ్చేవారు. ఆయన భూతద్దంలో చూసి పేరు చెప్పడం, నేను రాయడం, కింద తేల్చినవారు అన్నచోట ఆయన పేరు వెయ్యడం. కట్టలు కట్టలు రాశాను. మా నాయన పేరు కంటే మా సార్ పేరే నా చేత్తో ఎక్కువసార్లు రాసి ఉంటాను.

ఆ బీరువాల్లో సార్‌కు ప్రాణమైన అట్ట ఒకటి ఉండేది. గిలిగిచ్చ మొక్క. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయే, ఆ జాతి. అందులో చాలా రకాలు. ఆయన పెళ్లికి ముందు, రీసెర్చి చేసే రోజుల్లో, కార్వేటినగరం గుట్టల్లో వానాకాలం పూత మీద దొరికింది. మామూలు గిలిగిచ్చ కాదు, జిల్లాలో అంతకు ముందెవరూ చూడని అరుదైన రకమని ఆయన తేల్చారు. ఆయన మొదటి పేపరు దాని మీదే. ఏటా కొత్త బ్యాచ్‌కు ఆ అట్టను రెండు చేతులతో ఎత్తి చూపించేవారు, పసిబిడ్డను చూపించినట్టు. మా బ్యాచ్‌కూ చూపించారు. నేను ముందు వరసలో నిలబడి నోరు తెరుచుకుని చూశాను.

ఆ ఏడు వేసవికి సార్ రిటైరవుతున్నారు. అన్నేళ్లుగా ఆయన చూసుకున్న హెర్బేరియం ఇక ఎవరికి అప్పజెప్పాలో సార్ మాట మీదే నడుస్తుందని హెడ్ సార్ అందరి ముందరే అన్నారు. నాకు ఆ గది కావాలి. ఇంకే గది ఇచ్చినా వద్దు, ఆ గదే కావాలి. సార్ నాకే ఇస్తారని నమ్మకం ఉంది గానీ, నోరు తెరిచి ఆయన అనలేదు, నేను అడగలేదు.

సంక్రాంతి పోయి కొన్నాళ్లయింది. కార్వేటినగరంలో మా పెద్దనాయన కూతురు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. భోజనాలకు ఇంకా పొద్దుందని నేను ఊరి వెనక గుట్టకేసి నడిచాను. సార్ అట్ట మీద రాసిన చోటు నాకు కంఠతా వచ్చు. పాత కోట గోడలు దాటి, పడమటి దిక్కు రాళ్లగుట్ట. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఎక్కాను. అక్కడే ఉంది, అదే మొక్క. అదే ఆకు, కొమ్మ చివర ఇంకా ఒకటి రెండు పూలు. దాంతోపాటు కాయలు కూడా ఉన్నాయి. సార్ అట్టలో కాయ లేదు, ఆయనకు దొరికింది పూతే. ఆ అరుదైన రకానికి కాయ నున్నగా ఉంటుంది, మామూలు గిలిగిచ్చకు కాయ నిండా నూగు. తేడా తెలిసేది ఆ కాయ దగ్గరే. బ్యాగులోంచి భూతద్దం తీసి చూశాను. నూగు. ఇంకో చెట్టు చూశాను. నూగే. ఒక్కటైనా నున్నటి కాయ దొరక్కపోతుందా అని ఆ గుట్టంతా తిరిగాను. ఊరంతా దొరికే గిలిగిచ్చే అది, ఆ గుట్ట మీద ఆకు కాస్త సన్నగా పెరిగింది, అంతే.

పట్టుచీర నిండా పల్లేరుకాయలు, తలలో ఎండుగడ్డి, చేతిలో ఒక కొమ్మ. అట్లా నేను పంక్తికి పోయి కూర్చుంటే మా బంధువులంతా ఒకటే నవ్వు. "యూనివర్సిటీ అయివోరమ్మ మేకల్ని తోలకపొయ్యొచ్చింది" అంది పెద్దమ్మ. నేనూ నవ్వాను గానీ పాయసం ఆకులోనే వదిలేసి లేచాను.

కొమ్మను పాత పేపర్లో అదిమి తెచ్చి, సార్ లేని పూట అట్ట పక్కన పెట్టి మైక్రోస్కోపు కింద ఆకు, ఆకు మొదట్లో ఉండే తోకల్లాంటి చిన్న రేకులు, పూల కాడలు అన్నీ పోల్చి చూశాను. అనుమానం లేదు. ఆ వారం నగరి పోయినప్పుడు మగ్గాలు ఆపే వేళకు నాయనతో చెప్పాను. ఆయన అంతా విని, "ఆయన తప్పని చెప్తే నీ ఉద్యోగం పోతాదా?" అని అడిగాడు.

"ఉద్యోగం పోదు నాయనా. ఆయన నాకు దూరమైపోతాడు. ఆ గది కూడా పోతాది."

"అట్లయితే చెప్పొద్దులే. గిలిగిచ్చే గదా, దానికేం తెలస్తాది దాని పేరు మార్చింది?" అని తేల్చేశాడు నాయన. మా అమ్మ వంటింట్లోంచే అరిచింది. "చెప్పకుండా నీ కూతురికి అన్నం దిగతాదా? వచ్చినకాడి నుంచి కోడి గెలికినట్టు గెలకతా ఉండాది. సూసే కళ్లు లేవా నీకు?" మా ఇంట్లో ఈ పోట్లాట గంటసేపు జరిగింది. వీధిలో వాళ్లకు కూడా నా గిలిగిచ్చ సంగతి తెలిసిపోయింది.

సోమవారం పొద్దున ఎవరూ రాకముందే హెర్బేరియం తెరిచాను. కొత్త చీటీ తీసుకుని, అసలు పేరు రాసి, తేదీ వేసి, జిగురు పూసి, సార్ చీటీ కింద అంటించాను. రాసింది ఒకసారి తిరిగి చూసుకునే ధైర్యం కూడా లేక బీరువా మూసేసి క్లాసుకు పోయాను. సార్‌కు నోటితో చెప్పలేకపోయాను. ఎదురుగా చెప్పే బదులు చీటీ చెబుతుందిలే అనుకున్నాను. పద్ధతి ప్రకారమే చేశాను కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సార్ రిటైరయ్యే ముందు బీరువాలన్నీ వరసగా సర్దుతున్నారు. ఒకరోజు మధ్యాహ్నం అటెండరు పరుగున వచ్చాడు. "పాపా, సారు పిలస్తా ఉండాడు. మొగం ఎర్రగా ఉండాది. నీళ్లు తాగి పో" అన్నాడు. నిజంగానే నీళ్లు తాగి పోయాను.

బల్ల మీద ఆ అట్ట ఉంది. సార్ దాని వెనక నిలబడి ఉన్నారు. "ఏందమ్మా ఇది?" అన్నారు. నేను ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను. "సార్, కాయ చూసినాను సార్, కార్వేటినగరంలో, అదే గుట్ట సార్, నూగుండాది సార్, ఒక్క చెట్టు కాదు సార్, గుట్టంతా తిరిగినా..." మగ్గాల గొంతు వచ్చేసింది. సార్ చెయ్యెత్తి ఆపారు.

"నేనడిగింది కాయ సంగతి కాదు. ఈ చీటీ ఎవురిది?"

"నాదే సార్."

"నీదయితే, దాని మీద నా పేరెందుకుండాది?"

వంగి చూశాను. నా గుండ్రటి అక్షరాల్లో కొత్త పేరు ఉంది. దాని కింద, తేల్చినవారు అన్నచోట, ఇంటిపేరు పొడి అక్షరాలతో సహా మా సార్ పేరు. నా చెయ్యి దాని అలవాటు కొద్దీ అది రాసేసింది. ఆ అట్ట ప్రకారం మా సార్ తనను తానే తప్పుబట్టుకున్నారు.

"నేను ఈ మొక్కను మళ్లా ఎప్పుడు సూసినా? ఎప్పుడు మార్చినా? నేను సెప్పని మాట తెచ్చి నా నోట్లో పెట్టినావే!" అని ఆయన బల్ల మీద గుద్దారు. నాకు ఏం రావాలో అది రాకుండా నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. సార్ కోపం రెండింతలైంది. "నవ్వుతావా? నాకు తప్పనిపిస్తే నా పేరుతో రాసుకుంటా. నీకు తప్పనిపిస్తే నీ పేరుతో రాయి. రేపు నేను పోయినాక కూడా నా పేరే రాస్తా కూర్చుంటావా? సొంత పేరు పెట్టుకునేదానికి బయపడే మనిషికి ఈ గది ఎట్లిచ్చేది? హెడ్డును ఇంకెవురినన్నా సూసుకోమని సెప్తా."

నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను భయపడింది ఆయన్ను తప్పన్నందుకు గది పోతుందని. ఇప్పుడు పోతున్నది తప్పనడానికి నా పేరు పెట్టనందుకు. దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. "అవును సార్, బయపడినా. మీరు నాతో మాట్లాడరేమోనని బయపడినా. ఈ మొక్క మీకెంత ఇష్టమో నాకు తెలీదా? చేతికి అలవాటై మీ పేరు పడింది. కానీ మొక్క మాత్రం మీరు చెప్పింది కాదు సార్. అది నా మాటే" అన్నాను. ఆయన ముందు అంత గట్టిగా నేను మాట్లాడింది అదే మొదటిసారి. కారిడార్‌లో పోయేవాళ్లు కూడా ఆగారు.

"మాట్లాడతా ఉండా గదా ఇప్పుడు" అన్నారు సార్. తరవాత అట్టను మూసి, "ఆదివారం పోదాం. నా కండ్లతో సూడకుండా నేను ఒప్పుకునేది లేదు" అన్నారు.

ఆదివారం ఆయన పాత కారులో బయల్దేరాం. సార్ భార్య చిత్రాన్నం, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కట్టిచ్చారు. పుత్తూరు దాటేదాకా సార్ ఒకటే వాదన, ఆకు సన్నగా ఉండటానికి కారణం చెప్పమని. నేను జవాబు చెబితే ఇంకో ప్రశ్న. ఆయన స్టీరింగు వదిలేసి చేతులు తిప్పుతుంటే, "ముందు రోడ్డు సూడండి సార్" అని అరిచాను. "నువ్వు ముందు జవాబు సెప్పు" అని ఆయన అరిచారు. నిజం చెప్పాలంటే నాకు ఆ ప్రయాణం బాగా నచ్చింది. ఇన్నేళ్ల పరిచయంలో మేం పోట్లాడుకోవడం అదే మొదలు.

గుట్ట మీద కాపు దాదాపు అయిపోయింది. ఎక్కడ చూసినా పగిలిపోయిన ఉత్త డొల్లలు. నా దగ్గర కొమ్మ ఉన్నా, ఈ గుట్ట మీద తన కళ్లతో కాయ చూడకపోతే సార్ ఒప్పుకునేది లేదు. ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ వెతికాం. ఒక బండ నీడలో సార్ చెయ్యి తగిలి ఏదో గలగలమంది. ఎండిపోయినా పగలని కాయలు, రెండు. ఆయనే కోశారు. అరచేతిలో పెట్టుకుని, మెడలోని భూతద్దం కంటికి ఆనించి, ఒక పక్క చూశారు, తిప్పి ఇంకో పక్క చూశారు. రెండో కాయ కూడా అట్లాగే చూశారు.

"నిండా నూగే" అన్నారు.

ఆ బండ మీదే కూలబడ్డారు. గెలిచానని నాకు అనిపించలేదు. ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాను. సార్ కాయల్ని ఒకసారి ఊపి ఆ చప్పుడు విన్నారు. "పెండ్లయిన కొత్తలో మీ అమ్మకు దీని గురించే సెప్పినా. జిల్లాలో ఇది నాకొక్కడికే కనపడిందని. ఆయమ్మ ఇంటికొచ్చిన వాళ్లకంతా సెప్పింది. ఇప్పుడు పోయి ఏం సెప్పేది?" అన్నారు. మా అమ్మ అంటే సార్ భార్య, ఆయన స్టూడెంట్లందరికీ ఆమె అమ్మే. "మీరు చెప్పొద్దు సార్, చీటీ అంటించి బీరువాలో పెట్టేద్దాం" అన్నాను. సార్ మొదట ఉరిమి చూసి, తరవాత పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "తియ్యి ఆ చిత్రాన్నం, ఆకలేస్తా ఉండాది" అన్నారు. ఇద్దరం మిగల్చకుండా తిన్నాం.

మర్నాడు హెర్బేరియంలో ఆ అట్ట మళ్లీ బల్ల మీదికి వచ్చింది. తప్పు పేరు పడిన నా చీటీని జాగ్రత్తగా ఊడదీద్దామని తడిగుడ్డ తీశాను. "తాకొద్దు. పద్ధతి పద్ధతే. ఉండనీ" అన్నారు సార్. దాని పక్కన పెన్సిలుతో చిన్నగా 'ఇది నేను రాసినది కాదు' అని రాసి సంతకం పెట్టారు. దాని కింద నేను ఇంకో చీటీ అంటించాను, ఈసారి నా పేరుతో. ఆ అట్టకు ఇప్పుడు మూడు చీటీలు, ఒక సంతకం. ఏ దేశం నుంచి ఏ పండితుడు వచ్చి చూసినా, మా గదిలో ఏం గొడవ జరిగిందో తెలుసుకోవడానికి నన్ను అడగాల్సిందే.

అప్పుడు సార్ మూల బీరువా అడుగు అర లోంచి ఒక కట్ట లాగారు. పురికొసతో కట్టిన అట్టలు, మీద దుమ్ము. "పొద్దునే హెడ్డుకు సెప్పొచ్చినా. గది నీదే. ఈ కట్ట కూడా నీదే" అన్నారు. ఆ వెంటనే ముడి విప్పడం మొదలుపెట్టారు. "ఇవి నాకు నమ్మకం లేనివి. పేరయితే పెట్టినా గానీ, అవునో కాదో అని అనుమానం. ఎవురిని అడిగేది? వచ్చిన పిల్లోళ్లనంతా అడిగినా. అందురూ 'అవును సార్' అన్నోళ్లే. నువ్వూ అన్నావు."

అన్నాను. ఆ కట్టలోని అట్టలు కొన్ని నాకు గుర్తే. అప్పుడు నేను మొక్కను చూడనే లేదు, ఆయన మొహం చూసి అవునన్నాను.

అన్నిటికంటే పైనున్న అట్ట ఒక తుంగ మొక్కది. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఏటి ఇసుకలో కోసింది. సార్ పేరుతో పాత చీటీ ఉంది. ఒక సభలో ఎవరో పెద్దమనిషి ఆ పేరు తప్పని, వేరే పేరు చెప్పి, అందరి ముందరా తీసిపారేశారట. సార్‌కు అప్పుడు చిన్న వయసు, ఎదురు చెప్పలేకపోయారు. తిరిగొచ్చి ఆ అట్టను కట్టలో అడుక్కి దోపేశారు. "సూడు" అని నా ముందుకు జరిపారు.

ఒక గింజ తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పుస్తకాలు తెరిచాను. ఇంకో గింజ చూశాను. సార్ నా వెనక అటూ ఇటూ తిరుగుతున్నారు. "కూర్చోండి సార్, వెలుతురుకు అడ్డమొస్తా ఉండారు" అన్నాను. ఆయన కిక్కురుమనకుండా స్టూలు మీద కూర్చున్నారు. నేను తొందరపడలేదు. గింజ అంచులు, దాని మీది గీతలు, అడుగున ఉండే కాడ, అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. ఆ పెద్దమనిషి చెప్పిన పేరుతో కూడా పోల్చి చూశాను. అది ఎక్కడా కలవలేదు.

"మీరు రాసిందే కరెక్టు సార్" అన్నాను.

ఆయన వెంటనే సంతోషపడలేదు. స్టూలు మీద నుంచి లేచి దగ్గరికి వచ్చి, "నా మొగం సూసి సెప్తా ఉండావా?" అని అడిగారు.

"లేదు సార్. గింజను చూసి."

సార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎంతసేపు తుడిచినా మళ్లీ పెట్టుకోలేదు. నేను మైక్రోస్కోపులోకే చూస్తూ కూర్చున్నాను. నాకూ కళ్లు మసకబారి ఏమీ కనపడలేదు.

"అయితే రాయి" అన్నారు కాసేపటికి.

ముందువారు చెప్పిన పేరే సరైనదని చూసి ఒప్పుకున్నా కూడా చీటీ అంటించాలి, అదీ మా పద్ధతే. కొత్త చీటీ తీసుకుని రాశాను. సార్ పక్కనే నిలబడి, నేను రాస్తుంటే పైకి చదువుకున్నారు, ముందు మొక్క పేరు, తరవాత నా పేరు.